అద్దె రిజిస్టరు చేతబట్టుకుని: ఇంటి వైద్య పరికరాల వ్యాపారుల వినతుల్లో నా అనుభవం

పాలకొల్లులో నాది ఇంటి వైద్య పరికరాలను అద్దెకిచ్చే దుకాణం. ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రాలు), బైపాప్‌లు (మాస్కు ద్వారా ఊపిరికి ఆసరా ఇచ్చే మిషన్లు), కఫం లాగే సక్షన్ మిషన్లు, తల వైపు, కాళ్ల వైపు పైకి లేపగల ఫౌలర్ మంచాలు, గాలి పరుపులు, చక్రాల కుర్చీలు, కమోడ్ కుర్చీలు, ఇలా ఆసుపత్రిలో ‘ఇక ఇంటి దగ్గర చూసుకోండి’ అని పంపించిన రోగికి ఏమేమి కావాలో అవన్నీ నెలవారీ అద్దెకు ఇస్తాము. మేమే తీసుకువెళ్లి బిగించి, వాడే పద్ధతి ఇంట్లోవాళ్లకు నేర్పి వస్తాము. ఇటు నరసాపురం, భీమవరం, అటు గోదావరి దాటాక రాజోలు, అమలాపురం వరకు ఇటువంటి దుకాణాలు ఉన్నాయి. వాటిలో చాలావరకు మందుల షాపు వెనక గదిలో నడిచేవే. మేమంతా కలిసి ప్రభుత్వ విధానాల విషయంలో వినతులు చేయడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. ఈ కాలంలో ఏ మాట ఏ కార్యాలయంలో చెల్లిందో, ఏది చెల్లక వెనక్కి వచ్చిందో రాసి ఉంచితే, ఇదే వ్యాపారంలో ఉన్నవారికీ, ఇంట్లో మిషన్ పెట్టుకున్న కుటుంబాలకూ పనికివస్తుందని ఈ ప్రయత్నం.

మొదట మా పరపతి ఎలా ఉండేదో చెప్పాలి. 2021 వేసవిలో కోవిడ్ రెండో విడత వచ్చినప్పుడు కాన్సంట్రేటర్ల ధరలు ఎక్కడికి పోయాయో అందరికీ గుర్తుంది. ఆ ఏడాది జూన్ 3న జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ, కాన్సంట్రేటర్ మీద వ్యాపార లాభం పంపిణీదారు కొన్న ధరపై 70 శాతం మించకూడదని పరిమితి విధించింది. జులైలో అదే పరిమితిని పల్స్ ఆక్సీమీటరు, నెబ్యులైజరు, గ్లూకోమీటరు, బీపీ మిషన్, డిజిటల్ థర్మామీటరు మీదికీ తెచ్చింది. అవసరమైన పనే. మాలో కొందరు అప్పుడు ఎలా సంపాదించారో మాకు తెలుసు కాబట్టి, ఆ ఉత్తర్వును తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. దాని ఫలితంగా, ఆ తరువాత మేము ఏ గుమ్మం తొక్కినా ‘కరోనాలో దండుకున్నవాళ్లు’ అన్న చూపే ముందు ఎదురయ్యేది. వ్యాపారి తన వ్యాపారం కోసం అడుగుతున్నాడన్న అనుమానం ఒకసారి ఎదుటివారి మనసులో నాటుకున్న తరువాత, ఎంత న్యాయమైన కోరికైనా చెవికెక్కదు.

ఆ స్థితిలో మేము మొదట ఎత్తుకున్నది జీఎస్టీ. 2021 జూన్ 12న జరిగిన 44వ జీఎస్టీ మండలి సమావేశంలో కాన్సంట్రేటర్లు, బైపాప్‌లు, మెడికల్ ఆక్సిజన్ మీద పన్నును 12 నుంచి 5 శాతానికి తగ్గించి, సెప్టెంబరు 30 వరకు అమలు చేశారు. గడువు తీరగానే మళ్లీ 12 వచ్చింది. వస్తువును అద్దెకిస్తే, ఆ వస్తువు అమ్మకానికి ఎంత పన్ను ఉందో అద్దెకూ అంతే వర్తిస్తుంది. ఆసుపత్రిలో పడుకున్న రోగికి వైద్య సేవ కింద మినహాయింపు దొరుకుతుండగా, అదే రోగి ఇంటికి వచ్చి అదే ఆక్సిజన్ పీల్చుకుంటే అద్దె మీద 12 శాతం, మంచం మీద ఆసుపత్రి ఫర్నిచర్ పద్దు కింద 18 శాతం కట్టవలసి వచ్చేది. ఈ వాదనలో బలం ఉందనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ పన్ను రేటు మార్చగలది రాష్ట్రాల ఆర్థిక మంత్రులు కూర్చునే మండలి. పాలకొల్లు నుంచి వెళ్లిన కాగితం అక్కడికి చేరేలోపు ఎన్ని బల్లల మీద ఆగుతుందో ఊహించుకోవచ్చు. రసీదు వచ్చింది, జవాబు రాలేదు. 2025 సెప్టెంబరు 3న 56వ సమావేశంలో వైద్య పరికరాల మీద పన్నును 5 శాతానికి తెచ్చి, 22 నుంచి అమలు చేసినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ‘మన వినతి ఫలించింది’ అని ఒకాయన పెట్టారు. దేశమంతటా జరిగిన పన్నుల సవరణలో మా కాగితానికి భాగం ఉందని చెప్పుకుంటే నవ్వుతారు. పైగా అప్పటికే మిషన్లు కొన్నప్పుడు కట్టిన 12 శాతం పన్నును అద్దె పన్నులో తగ్గించుకునే క్రెడిట్ మా ఖాతాల్లో పేరుకుపోయి, 5 శాతం అద్దె పన్నులో నెమ్మదిగా కరుగుతోంది.

అమెరికాలో ఇదే వ్యాపారం చేస్తున్న బంధువు ఒకాయన సంక్రాంతికి వచ్చినప్పుడు, వాళ్ల సంఘాలు ఏటా రాజధానికి వెళ్లి చట్టసభల సభ్యులను కలుస్తాయని చెప్పారు. అక్కడ ఇంటి ఆక్సిజన్‌కు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బు కడుతుంది. 36 నెలలు అద్దె చెల్లించి, ఆ తరువాత అయిదేళ్లు నిండేదాకా పరికరాన్ని రోగి దగ్గరే ఉంచాలంటుంది. కాబట్టి వాళ్ల పోరాటమంతా చెల్లింపు రేటు మీద, టెండర్ల పద్ధతి మీద ఉంటుంది. విన్నంతసేపు బాగానే ఉంది గాని, అందులో మనకు పనికివచ్చేది తక్కువ. మన దగ్గర పోట్లాడటానికి చెల్లించేవాడంటూ ఉండాలి కదా! ఆరోగ్య బీమాలో చెల్లించనక్కరలేని వస్తువులంటూ నియంత్రణ సంస్థ ఇచ్చిన పట్టికలో ‘ఆసుపత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండరు’ అని స్పష్టంగా రాసి ఉంది. రాష్ట్ర వైద్య సేవ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి చికిత్సకు ఉద్దేశించినది. ఇంట్లో ఊపిరి నిలబెట్టుకునే ఖర్చు పూర్తిగా కుటుంబానిదే. మంచాన పడినవారికి 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను వస్తున్నది. ఆ అర్హతలోకి రాని ఊపిరితిత్తుల రోగికి అదీ లేదు.

మా ఆలోచన దారి మారింది 2022 జులై వరదలో. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఇస్తారు, ఆ మట్టం దాటి నీరు చాలా పైకి వచ్చింది. లంకల్లోకి నీరు రాగానే ప్రమాదాలు జరగకుండా కరెంటు ఆపేస్తారు. అది సరైన జాగ్రత్తే. కాన్సంట్రేటరు మాత్రం కరెంటు లేకపోతే కుయ్యిమని అలారం మోగించడం తప్ప ఏమీ చేయలేదు. అది గదిలోని గాలిని లాగి, లోపలున్న జియోలైట్ గుళికల మధ్య నైట్రోజన్‌ను పట్టి ఉంచి, 90 శాతం పైన ఆక్సిజన్‌ను గొట్టంలోకి పంపే యంత్రం; దానిలో నిల్వ అంటూ ఏమీ ఉండదు. అందుకే ప్రతి ఇంటికీ అత్యవసరానికి ఒక బి టైపు సిలిండరు ఇస్తాము. అందులో 1,500 లీటర్లు పడుతుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పెట్టుకుంటే పన్నెండు గంటల పైచిలుకు వస్తుంది. మామూలు కరెంటు కోతకు అది ధారాళం, వరదకు చాలదు.

కనకాయలంకలో మా మిషన్ మీద ఉన్న ఒక కొబ్బరి రైతు భార్య ఫోన్ చేసి, “బాబూ, సిలిండరు ముల్లు ఎర్ర గీత దగ్గరకు వచ్చేసిందయ్యా” అని చెప్పినప్పుడు కాజ్‌వే మీద పడవలు తిరుగుతున్నాయి. “పిన్నిగారూ, లీటరున్నరకు తగ్గించి ఉంచండి, వేలికి పెట్టే మిషన్‌లో 88 కంటే కిందికి పడితే వెంటనే చెప్పండి” అని డాక్టరు గారిని అడిగి చెప్పి, నిండు సిలిండర్లు రెండింటికి గోనెసంచులు చుట్టి, వాల్వు మూతలు బిగించి, చాకలిపాలెం వైపు నుంచి నాటు పడవ మీద పంపించాము. సిలిండరు దొర్లితే పడవ ఒరుగుతుందని సరంగు వాటిని నడుమ అడ్డకర్రకు తాడుతో కట్టించాడు. ఆ రైతు క్షేమంగానే ఉన్నారు. అదే పడవలో అదే ఊరి గర్భిణిని ముందురోజే ఒడ్డుకు చేర్చారని సరంగు చెప్పాడు. వరద హెచ్చరిక రాగానే, ప్రసవ తేదీ దగ్గరపడిన గర్భిణులను జాబితా ప్రకారం ముందుగా ఆసుపత్రులకు తరలించడం మన జిల్లాల్లో ఏళ్లుగా పద్ధతిగా నడుస్తున్నది. ఆ ఇంటికి నాలుగిళ్ల అవతల యంత్రం మీద ఊపిరి తీసుకుంటున్న మనిషి ఉన్నాడన్న సంగతి ఏ జాబితాలోనూ లేదు.

వరద తీసిన తరువాత ఈ విషయం మీద మండల స్థాయిలో ఒక అధికారిని కలిశాము. ఆయన మమ్మల్ని సాంతం విని, ఒకే ప్రశ్న అడిగారు: “గర్భిణుల జాబితా మా ఏఎన్ఎంల దగ్గర ఉంది. మీరు చెప్పే వాళ్ల జాబితా ఎవరి దగ్గర ఉందండి?” మా దగ్గరే ఉంది సార్ అన్నాను. నిజానికి ఆ మాట అనేదాకా మా అద్దె రిజిస్టరును నేను ఆ దృష్టితో చూసుకోలేదు. ఏ ఊళ్లో, ఏ వీధిలో, ఎవరు, నిమిషానికి ఎన్ని లీటర్ల మీద, ఎన్నాళ్ల నుంచి ఉన్నారో రాసి ఉన్న పుస్తకం ఈ డెల్టాలో దుకాణదారుల దగ్గర తప్ప మరెక్కడా లేదు. డిశ్చార్జ్ చేసిన ఆసుపత్రికి రోగి ఇంటికెళ్లాక ఏ మిషన్ తెచ్చుకున్నాడో తెలియదు. తమ దగ్గర లేని సమాచారం తెచ్చినవాడికి ఏ కార్యాలయమైనా కుర్చీ చూపిస్తుంది. పన్ను తగ్గించమని వెళ్లినప్పుడు మాకు ఎవరూ కుర్చీ చూపించలేదు.

అయితే ఒక్క దుకాణం జాబితా వల్ల లాభం లేదు, అందరివీ కలవాలి. ఈ ప్రయత్నం మొత్తంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. అధికారులను ఒప్పించడం కంటే మాలో మేము ఒప్పుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. భీమవరంలో జరిగిన సమావేశంలో ఒక దుకాణదారు మొహమాటం లేకుండా తేల్చేశారు: “నా పేషెంట్ల అడ్రసులు మీ బల్ల మీద పెడితే, రేపు మీ కుర్రాడు వెళ్లి నెలకు మూడొందలు తగ్గిస్తానని మిషన్ మార్చేస్తాడు కదండీ.” ఎవరూ కాదనలేకపోయాము, ఎందుకంటే అటువంటివి జరిగినవే. పొరుగు దుకాణం వాళ్లు డిపాజిట్ లేకుండా ఇస్తామని చెప్పి మిషన్ మార్పించిన ఇళ్లు నాకూ ఉన్నాయి. ఇక్కడ ఐకమత్యం గురించి ఉపన్యాసాలు చెప్పి ప్రయోజనం లేదు. వ్యాపారి భయం వ్యాపారపరంగా తీరాలి.

చివరకు కుదిరిన పద్ధతి ఏమిటంటే, సంఘానికి ఎవరూ పేర్లు ఇవ్వరు. ఏ గ్రామంలో ఎందరు కాన్సంట్రేటర్ మీద, ఎందరు బైపాప్ మీద ఉన్నారో అంకెలు మాత్రమే సంఘానికి వస్తాయి. పేరు, ఇంటి గుర్తు, ఫోన్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, లీటర్లు, సిలిండరు ఉందా లేదా అన్న వివరాలను ప్రతి దుకాణదారూ ఆ గ్రామ సచివాలయంలోని ఏఎన్ఎంకు నేరుగా మూసిన కవరులో ఇస్తారు. రోగి లేదా కుటుంబసభ్యుడు సంతకం చేసిన అంగీకార పత్రం లేకుండా ఏ పేరూ కవరులోకి వెళ్లకూడదని గట్టిగా అనుకున్నాము. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చినా, దానికంటే ముందు ఆ కుటుంబం మన మీద పెట్టుకున్న నమ్మకం ఒకటి ఉంటుంది. ఊళ్లో తమ ఇంట్లో ఇటువంటి జబ్బు మనిషి ఉన్నాడని తెలియడం ఇష్టంలేని వారు, ముఖ్యంగా పెళ్లీడు పిల్లలున్న ఇళ్లవాళ్లు, సంతకం పెట్టలేదు. వాళ్లను బలవంతపెట్టలేదు.

సంఘాన్ని రిజిస్టరు చేయించడం కూడా ఈ దశలోనే జరిగింది. అంతకుముందు వినతిపత్రం మీద పది సంతకాలు ఉన్నా, తీసుకునే గుమాస్తా మొదట అడిగేది ‘మీ సంఘం రిజిస్ట్రేషన్ నంబరెంత’ అనే. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. దానితోపాటు మరొక నంబరు కూడా మాకు అనుకోకుండా అక్కరకు వచ్చింది. 2022 సెప్టెంబరు 30న వైద్య పరికరాల నిబంధనలకు చేసిన సవరణతో, పరికరాలు అమ్మేవారు, నిల్వ ఉంచేవారు ఎండీ-41 దరఖాస్తు పెట్టి ఎండీ-42 రిజిస్ట్రేషన్ తీసుకోవాలని నియమం వచ్చింది. రుసుము 3,000 రూపాయలు. మాలో చాలామంది దీన్ని కొత్త తలనొప్పిగా చూశారు. అద్దె అన్న మాట ఆ నిబంధనలో విడిగా లేదు కాబట్టి మనకు వర్తించదని వాదించినవారూ ఉన్నారు. మిషన్లు గోదాములో నిల్వ పెట్టుకుంటూ, మధ్యమధ్య అమ్ముతూ కూడా వర్తించదనడం నాకు సమంజసంగా తోచలేదు. సాంకేతిక సిబ్బందికి డిగ్రీ గాని, ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ గాని ఉండాలి, లేదా ఇంటర్ పాసై పరికరాల అమ్మకంలో ఏడాది అనుభవం ఉండాలి అన్న షరతులో మూడో వెసులుబాటు మా కుర్రాళ్లకు సరిపోయింది. ఆ ధ్రువపత్రం ప్రతిని జతచేసిన తరువాత, మా కాగితాలకు ‘మీరెవరు’ అన్న ప్రశ్న రావడం తగ్గింది.

ఇక కరెంటు బిల్లు సంగతి. అయిదు లీటర్ల కాన్సంట్రేటరు సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. రోజంతా ఆపకుండా నడిపితే ఎనిమిది యూనిట్ల పైన, నెలకు దాదాపు 250 యూనిట్లు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ విద్యుత్ ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, తరువాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంటికి విద్యుత్ ఛార్జీ సుమారు 305 రూపాయలు అవుతుంది. అదే ఇంట్లో మిషన్ పెట్టాక 350 యూనిట్లయితే 2,111 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలూ సుంకాలూ వేరే. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు ఉచితం. మిషన్ ఒక్కటే ఆ హద్దు దాటిస్తుంది కాబట్టి, ఆ ఇంట్లో రోగి ఉండటమే వాళ్లకు రాయితీ పోవడానికి కారణమవుతుంది. అద్దె భరించినవాళ్లు కూడా బిల్లు చూసి భయపడి, డాక్టరు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోమంటే రాత్రి మాత్రమే పెట్టుకుంటున్నారని మిషన్లు సర్వీసుకు వెళ్లిన మా కుర్రాళ్లు వచ్చి చెప్పేవారు.

ఆచంట దగ్గర ఒక ఊళ్లో రోగి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఆ ఇంటికి ఫిల్టరు మార్చడానికి వెళ్లినప్పుడు, గోడ మీది క్యాలెండరులో ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలుతో మూడు అంకెలు వేసి ఉండటం చూశాను. పైన ఉదయం మీటరు రీడింగు, కింద రాత్రి రీడింగు, పక్కన కరెంటు పోయిన వేళలు. తిథులూ వర్జ్యాలూ కనబడనంత దట్టంగా ఉన్నాయి. ఎందుకు రాస్తున్నావు బాబూ అని అడిగితే, “మిషన్ ఏ గంటల్లో ఆపితే బిల్లు మూడు వందలు తగ్గుతుందో చూస్తున్నానండి” అన్నాడు. ఆ క్యాలెండరు పేజీలను ఫోనులో ఫొటో తీసుకుని, అతని అనుమతితో, పేరు కనబడకుండా మా వినతికి జతచేశాము. మేము జతచేసిన కాగితాల్లో ఎవరైనా తిప్పి తిప్పి చూసినవి అవే.

విద్యుత్ ధరల విషయంలో వినతి ఎక్కడ పెట్టాలో మాకు చెప్పింది విద్యుత్ ఉద్యోగం చేసి రిటైరైన మా ఊరి పెద్దాయన. పంపిణీ సంస్థలు ఏటా నవంబరు నెలాఖరుకు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పిస్తాయని, పత్రికల్లో ప్రకటన వేసి ప్రజల అభ్యంతరాలు అడుగుతాయని, ఏ వినియోగదారుడైనా లిఖితపూర్వకంగా పంపి విచారణలో మాట్లాడవచ్చని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. మేము రాసుకుపోయిన చిత్తుప్రతిని చదివి, “దయతలచమని నాలుగుసార్లు రాశారండి, ఒక్కసారి కూడా కారణం రాయలేదు” అన్నారు. తరువాత విద్యుత్ చట్టం, 2003 తీసి సెక్షన్ 62లో మూడో ఉపవిభాగం చూపించారు. ఏ వినియోగదారుకూ అకారణంగా పక్షపాతం చూపకూడదని చెబుతూనే, విద్యుత్తు ఏ ప్రయోజనానికి కావాలన్న దాన్ని బట్టి ధరలో తేడా చేయవచ్చని ఆ నిబంధన అంటుంది. మా వాదనకు పునాది ఆ ఒక్క వాక్యమే అయింది. వినతిని మళ్లీ రాశాము: వైద్యుడి ధ్రువీకరణ ఉన్న ఇంటికి నెలకు 250 యూనిట్లను విడిగా లెక్కించి, వాటిని రెండో శ్లాబు ధరకు, అంటే యూనిట్ 3 రూపాయలకు ఇవ్వాలి; ఉచిత విద్యుత్ అర్హత చూసేటప్పుడు ఆ యూనిట్లను మినహాయించాలి. రెండే కోరికలు. అంతకుముందు మా వినతుల్లో పదికి తక్కువ ఉండేవి కావు.

జనవరిలో జరిగిన విచారణలో విద్యుత్ కార్యాలయం నుంచి వీడియో ద్వారా మాట్లాడే అవకాశం వచ్చింది. నాకంటే ముందు మాట్లాడిన రైతు, ఆక్వా జోన్ (చేపలు, రొయ్యల సాగుకు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతం) బయట ఉన్న తన చెరువుకు కూడా యూనిట్ రూపాయిన్నర రాయితీ ధరకు కరెంటు ఇవ్వాలని అడిగారు. మన డెల్టాలో ఆ ధర తెలియని ఇల్లు లేదు; జోన్‌లో పదెకరాల లోపు చెరువులకు ప్రభుత్వం ఆ రాయితీ ఇస్తున్నది. నా వంతు రాగానే రాసుకున్న కాగితం పక్కన పెట్టి, చెరువులో రొయ్యకు ఆక్సిజన్ ఇచ్చే ఏరేటరుకు రూపాయిన్నర ఉన్న జిల్లాలోనే, ఇంట్లో మనిషికి ఆక్సిజన్ ఇచ్చే యంత్రానికి ఎనిమిది రూపాయల ముప్పావు పడుతున్నదని చెప్పాను. ఆక్వా రైతుకు ఇవ్వవద్దని కాదు, అదే సూత్రం ఇక్కడికీ తెమ్మని స్పష్టంగా అన్నాను. ఆ జాగ్రత్త ఎందుకంటే, మా రోగుల్లో సగం మంది కుటుంబాలు రొయ్యల చెరువుల మీదే బతుకుతున్నాయి. ఇచ్చిన సమయం కొద్ది నిమిషాలే అయినా, వాట్లు, యూనిట్లు, శ్లాబుల లెక్క చెప్పడానికి సరిపోయింది.

లిఖితపూర్వక జవాబు తరువాత వచ్చింది. ఒక వర్గానికి రాయితీ ఇవ్వదలిస్తే అది సెక్షన్ 65 కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించి, ఆ సొమ్మును ముందుగా చెల్లించవలసిన విషయమని దాని సారాంశం. సభ్యులు కొందరు తిరస్కరించారని నిరుత్సాహపడ్డారు. నేను అలా తీసుకోలేదు. రొయ్యల చెరువుల రాయితీ కూడా ప్రభుత్వం భరిస్తున్నదే. అంటే మేము వెళ్లవలసిన తలుపు ఏదో ఆ జవాబే రాసి ఇచ్చింది. దాన్నే జతచేసి, స్థానిక శాసనసభ్యుని లేఖతో ఇంధన శాఖకు వినతి పంపించాము. ‘మా పరిధి కాదు’ అన్న కాగితం చేతిలో ఉంటే, తరువాతి కార్యాలయం మళ్లీ వెనక్కి తిప్పి పంపడం కష్టం. ఈ చిన్న కిటుకు మిగతా వినతుల్లోనూ వాడుతున్నాము.

వరద జాబితా విషయంలో ఫలితం తొందరగా కనబడింది, ఎందుకంటే దానికి ప్రభుత్వ ఉత్తర్వు గాని, నిధులు గాని అక్కరలేదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, వానాకాలానికి ముందు జరిగే వరద సన్నాహక సమావేశంలో ఈ అంశం చర్చకు వచ్చేలా కోరాము. కొన్ని లంక గ్రామాల్లో ఏఎన్ఎంలు తమ గర్భిణుల పుస్తకం చివర రెండు పేజీలు ఇంటి ఆక్సిజన్ రోగుల కోసం కేటాయించారు. సచివాలయంలో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంటుకు సర్వీసు నంబర్లు అందాయి. మరమ్మతు కోసం సరఫరా ఆపే ముందు ఆ ఇళ్లకు ఫోన్ చేయడం కొన్నిచోట్ల అలవాటైంది. అన్నిచోట్లా కాదు. అధికారి బదిలీ అయితే మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తున్నది. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర రాగానే కాజ్‌వేలు మునగకముందే సిలిండర్లు లంకలకు చేర్చాలని మేము దుకాణదారులం మాలో మేము నియమం పెట్టుకున్నాము. ఏ దుకాణం రోగి అయినా, దగ్గర్లో ఉన్న దుకాణం సిలిండరు పంపుతుంది, లెక్కలు వరద తీశాక చూసుకుంటాము. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు ఆగిపోతే అవతలి ఒడ్డు వాళ్లను రాజోలు దుకాణాలు చూసుకుంటాయి. భీమవరం సమావేశంలో అడ్రసులు ఇవ్వనన్న ఆయనే ఈ ఏర్పాటుకు మొదట ఒప్పుకున్నారు.

రాయితీ ఫైలు మీద ఇంధన శాఖ నుంచి ఈమధ్య వచ్చిన ప్రశ్న న్యాయమైనదే: మిషన్ ఇంట్లో ఉన్నా నిజంగా నడుస్తున్నదని, 250 యూనిట్లూ దానికే అయ్యాయని ఎవరు ధ్రువీకరిస్తారు? వైద్యుడి పత్రం ఒక్కటి చాలదని, అది తెచ్చుకుని ఏసీ నడుపుకునేవాళ్లు ఉంటారని వాళ్ల సందేహం. దీనికి జవాబు మా యంత్రంలోనే ఉంది. దాదాపు ప్రతి కాన్సంట్రేటరు మీదా స్విచ్ పక్కనో, వెనక పలక మీదో అది మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపించే చిన్న మీటరు ఉంటుంది; సర్వీసు ఎప్పుడు చేయాలో తెలుసుకోవడానికి మేము చూసేది దాన్నే. నెలాఖరున కరెంటు రీడింగు తీసే మనిషి ఆ గంటల మీటరును కూడా చూసి, గత నెల అంకె తీసివేసి, మిషన్ వాట్లతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే ఆ ఇంటి వైద్య యూనిట్లు ఖచ్చితంగా తేలుతాయి. అందుకు తగిన నమూనా ఫారం ఒకటి తయారుచేసి పంపించాము. అది ఆర్థిక శాఖ అభిప్రాయం కోసం వెళ్లిందని తెలిసింది. ఈలోగా మా రిజిస్టర్లలో మరొక గడి చేర్చి, అద్దె వసూలుకు వెళ్లిన ప్రతిసారీ గంటల మీటరు రీడింగు రాయిస్తున్నాము. ఫైలు తిరిగి వచ్చి లెక్కలు అడిగే నాటికి పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల వరకైనా పూర్తి ఏడాది అంకెలు మా దగ్గర ఉంటాయి.